పుస్తకాల లెక్కకు అందని సమానత్వం
అమెరికా లా కాలేజీల్లోనే మొదలైన జాతివివక్ష పతనం

ఒక లా కాలేజీలో 65,000 పుస్తకాలు, 850 మంది విద్యార్థులు, 16 మంది పూర్తికాలపు ఆచార్యులు. మరొక దానిలో 16,500 పుస్తకాలు, 23 మంది విద్యార్థులు, ఐదుగురు ఆచార్యులు. మొదటిది తెల్లవారికి, రెండవది నల్లవారికి. ఈ రెండింటి మధ్య చెప్పుకోదగిన తేడా లేదని అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం వాదించింది. ఆ వాదన చెల్లదని ఆ దేశ సుప్రీంకోర్టు 1950 జూన్ 5న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. నాలుగేళ్ల అనంతరం పాఠశాలల్లో జాతివివక్షను చట్టవిరుద్ధంగా ప్రకటించిన సుప్రసిద్ధ బ్రౌన్ కేసు తీర్పుకు బాట వేసినవి ఇలాంటి లా కాలేజీ వివాదాలే.

దేశమంతటా బస్సుల్లో, రైళ్లలో, హోటళ్లలో, పాఠశాలల్లో వివక్ష రాజ్యమేలుతున్న రోజుల్లో పోరాటానికి లా కాలేజీలనే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. దాని వెనుక పకడ్బందీ వ్యూహం ఉంది. ఆ వ్యూహం అర్థం కావాలంటే నాటి అమెరికా న్యాయవిద్య తీరుతెన్నులు తెలుసుకోవడం అవసరం.

కేసుల పద్ధతి

19వ శతాబ్దంలో అమెరికా న్యాయవాదుల్లో అధికులు సీనియర్ల వద్ద సహాయకులుగా చేరి వృత్తి నేర్చుకున్నవారే. 1870లో హార్వర్డ్ లా కాలేజీ డీన్‌గా బాధ్యతలు చేపట్టిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్ ఈ పరిస్థితిని మార్చారు. ఆచార్యుడు సూత్రాలు వల్లెవేయిస్తే విద్యార్థి రాసుకునే విధానానికి ఆయన స్వస్తి పలికారు. పై కోర్టుల తీర్పులను విద్యార్థులే చదివి వచ్చి, తరగతిలో ఆచార్యుని ప్రశ్నలకు జవాబు చెబుతూ సూత్రాన్ని తామే రాబట్టాలి. ఇదే 'కేసుల పద్ధతి'. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలకు ప్రముఖ కాలేజీలన్నీ దీనినే అనుసరించసాగాయి.

అయితే తీర్పుల్లో రాసినదే చట్టమా అన్న సందేహం 1920, 1930 దశకాల్లో బలపడింది. కొలంబియా, యేల్ విశ్వవిద్యాలయాలు ఈ చర్చకు కేంద్రాలయ్యాయి. కార్ల్ లెవెలిన్, జెరోమ్ ఫ్రాంక్ వంటి 'వాస్తవికవాదులు' న్యాయమూర్తులు ఏమి చెబుతున్నారన్నది కాక ఏమి చేస్తున్నారన్నది పరిశీలించాలని కోరారు. వైద్య విద్యార్థి ఆస్పత్రిలో నేర్చుకున్నట్లు న్యాయ విద్యార్థి కక్షిదారుల మధ్య నేర్చుకోవాలని ఫ్రాంక్ 1933లోనే సూచించారు. చట్టాన్ని సమాజం నుంచి విడదీసి చూడరాదన్న ఈ వాదం ఆ తర్వాతి కాలంలో వివక్ష వ్యతిరేక పోరాటానికి ఉపకరించింది.

న్యాయశాస్త్ర పత్రికల వ్యవస్థ మరొక విశేషం. ఆచార్యులు రాసిన వ్యాసాలను ఎంపిక చేసి, దిద్ది, ప్రచురించేది విద్యార్థులే. 1887లో ప్రారంభమైన హార్వర్డ్ లా రివ్యూ సంపాదకవర్గంలో చోటు దక్కిన విద్యార్థికి పెద్ద న్యాయవాద సంస్థల తలుపులు తెరుచుకునేవి. ఆ చోటు సంపాదించిన తొలి నల్లజాతీయుడు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్.

హోవర్డ్‌లో శిక్షణ

మొదటి ప్రపంచయుద్ధంలో సైనికాధికారిగా పనిచేసిన హ్యూస్టన్ అక్కడ ఎదురైన అవమానాలతో న్యాయశాస్త్రం వైపు మళ్లారు. 1929లో ఆయన వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయ లా కాలేజీ సారథ్యం స్వీకరించారు. ప్రధానంగా నల్లజాతి విద్యార్థులు చదివే ఆ కాలేజీ అప్పట్లో సాయంత్రపు తరగతులతో నడిచేది. హ్యూస్టన్ దానిని పూర్తికాలపు కాలేజీగా మార్చి, 1931లో అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు సాధించారు. సమాజాన్ని మార్చే పనిముట్టుగా చట్టాన్ని ఉపయోగించలేని న్యాయవాది సమాజానికి భారమేనని ఆయన శిష్యులకు నూరిపోశారు. ఆ శిష్యుల్లో అగ్రగణ్యుడు థర్‌గుడ్ మార్షల్. 1933లో తరగతిలో ప్రథముడిగా ఉత్తీర్ణుడైన మార్షల్, 1967లో అమెరికా సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు.

'వేరుగా ఉన్నా సమానమే' అన్న సూత్రాన్ని 1896లో సుప్రీంకోర్టు ఆమోదించింది. దానిని నేరుగా ఢీకొనే బదులు, సమానత్వం ఎక్కడుందో చూపమని రాష్ట్రాలను నిలదీయాలని గురుశిష్యులు నిర్ణయించారు. ఇందుకు లా కాలేజీలు అన్ని విధాలా అనువైనవి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికి వైద్య, న్యాయ విద్యాలయాలు దాదాపు లేవు. కొత్తగా సమానమైన కాలేజీ నెలకొల్పాలంటే ఖజానాకు మోయలేని భారం. పైగా విద్యార్థులు కొద్దిమంది, అందరూ పెద్దవారు కనుక, చిన్నపిల్లల బడుల విషయంలో చెలరేగేంత ఆగ్రహం తెల్లవారిలో చెలరేగదు. అన్నింటికీ మించి, న్యాయమూర్తులందరూ న్యాయశాస్త్రం చదివినవారే. మంచి లా కాలేజీ అంటే ఏమిటో వారికి వేరొకరు చెప్పనవసరం లేదు.

మేరీలాండ్ విశ్వవిద్యాలయ లా కాలేజీపై 1936లో తొలి విజయం లభించింది. మార్షల్ స్వస్థలం ఆ రాష్ట్రంలోని బాల్టిమోరే. జాతి కారణంగా ఆయనకు అక్కడ చదివే వీలు లేకపోవడం గమనార్హం. నల్లజాతి విద్యార్థులకు ఫీజు చెల్లించి పొరుగు రాష్ట్రాలకు పంపడం సమానత్వం కాదని మిస్సోరీకి సంబంధించిన లాయిడ్ గెయిన్స్ కేసులో 1938లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గెలిచిన గెయిన్స్ మాత్రం కాలేజీలో అడుగుపెట్టలేదు. 1939 మార్చిలో షికాగోలో అదృశ్యమైన ఆయన ఆచూకీ నేటికీ తెలియలేదు.

ఓక్లహామాలో ఏడా లోయిస్ సిపుయెల్ 1948లో సుప్రీంకోర్టులో గెలిచి, మరుసటి ఏడాది లా కాలేజీలో చేరారు. తరగతిలో వెనుకవైపు విడిగా వేసిన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టారు. తనను అడ్డుకున్న ఆ విశ్వవిద్యాలయ పాలకమండలిలోనే ఆమె 1992లో సభ్యురాలు కావడం విశేషం.

తపాలా ఉద్యోగి దావా

టెక్సాస్ కేసు వీటన్నిటికీ పరాకాష్ఠ. హ్యూస్టన్ నగరంలో ఉత్తరాలు బట్వాడా చేసే హీమన్ మారియన్ స్వెట్ 1946లో టెక్సాస్ విశ్వవిద్యాలయ లా కాలేజీకి దరఖాస్తు చేశారు. నల్లజాతీయుడన్న ఏకైక కారణంతో ఆయనకు ప్రవేశం నిరాకరించారు. ఆయన కోర్టుకెక్కగా, సమాన వసతి కల్పించేందుకు రాష్ట్రానికి కోర్టు ఆరు నెలల గడువిచ్చింది. 1947లో ఆస్టిన్‌లోని రాష్ట్ర శాసనసభా భవనం సమీపంలో ఒక భవనపు నేలమాళిగలో తాత్కాలిక కాలేజీ వెలిసింది. దానికి సొంత అధ్యాపకులు లేరు. తెప్పిస్తామన్న 10,000 పుస్తకాల్లో వచ్చినవి కొద్దే. స్వెట్ అందులో చేరేందుకు నిరాకరించారు. ఆ తర్వాత రాష్ట్రం హ్యూస్టన్‌లో మరో కాలేజీ తెరిచింది. రాష్ట్ర న్యాయస్థానాలు దీనితో సంతృప్తి చెందగా, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

ఈ దశలో న్యాయశాస్త్ర ఆచార్యులు రంగంలోకి దిగారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ లా కాలేజీ డీన్ ఎర్ల్ హారిసన్ స్వెట్ పక్షాన సాక్ష్యం చెప్పారు. న్యాయవిద్యలో వేర్పాటు తగదని వివిధ కాలేజీల ఆచార్యులు కమిటీగా ఏర్పడి సుప్రీంకోర్టుకు లిఖితపూర్వక వాదన సమర్పించారు.

ప్రధాన న్యాయమూర్తి ఫ్రెడ్ విన్సన్ తీర్పు పుస్తకాలు, గదుల లెక్కతో ఆగలేదు. ఆచార్యుల కీర్తి, పూర్వ విద్యార్థుల పలుకుబడి, సమాజంలో సంస్థకు గల స్థానం, సంప్రదాయం - ఇవి కొలతకు అందకపోయినా కాలేజీ గొప్పతనానికి ఇవే ప్రాణమని ఆయన పేర్కొన్నారు. రాష్ట్ర జనాభాలో 85 శాతం మందిని కొత్త కాలేజీ దూరం పెట్టిందని, రేపు న్యాయవాదికి ఎదురుపడే న్యాయమూర్తులు, జ్యూరీ సభ్యులు, సాక్షుల్లో అధికులు వారేనని గుర్తుచేశారు. ఈ తర్కాన్ని అంగీకరించాక 'వేరుగా ఉన్నా సమానమే' అన్న మాటకు మిగిలిన బలం స్వల్పం. 1954 మే 17న బ్రౌన్ తీర్పుతో అదీ కూలిపోయింది.

ఈ విజయాన్ని హ్యూస్టన్ చూడలేదు. స్వెట్ తీర్పుకు ఆరు వారాల ముందు, 1950 ఏప్రిల్ 22న ఆయన కన్నుమూశారు. కాలేజీలో చేరిన స్వెట్ అనారోగ్యం తదితర ఒత్తిళ్ల వల్ల పట్టా పొందకుండానే వైదొలగి, సామాజిక సేవారంగంలో స్థిరపడ్డారు. ఆస్టిన్‌లోని కౌంటీ న్యాయస్థాన భవనం నేడు ఆయన పేరును ధరించి ఉంది.

తీర్పుపై పండితుల వివాదం

బ్రౌన్ తీర్పు వెలువడిన తర్వాత న్యాయశాస్త్ర పండితుల్లో విచిత్రమైన చర్చ చెలరేగింది. ఫలితం మంచిదే, కానీ దానికి చట్టపరమైన ఆధారం దృఢంగా ఉందా అని కొలంబియా ఆచార్యుడు హెర్బర్ట్ వెక్స్‌లర్ 1959లో హార్వర్డ్ లా రివ్యూలో ప్రశ్నించారు. కలిసి ఉండాలనుకునేవారి స్వేచ్ఛకూ, వద్దనుకునేవారి స్వేచ్ఛకూ మధ్య కోర్టు ఏ తటస్థ సూత్రంతో తీర్పు చెబుతుందన్నది ఆయన సందేహం. వివక్షను వ్యక్తిగతంగా వ్యతిరేకించే పండితుడే ఇలా రాయడం కలకలం రేపింది.

టెక్సాస్‌లో పుట్టి పెరిగిన యేల్ ఆచార్యుడు చార్లెస్ బ్లాక్ 1960లో జవాబిచ్చారు. దక్షిణాదిలో వేర్పాటు అంటే నల్లవారిని తక్కువ చేయడమేనని అక్కడి పసిపిల్లలకు సైతం తెలుసునని, అందరికీ తెలిసినది న్యాయమూర్తులకు మాత్రం తెలియనట్లు నటించనవసరం లేదని ఆయన వాదన. లోకం తీరును చూసి చట్టాన్ని చదవాలన్న వాస్తవికవాదుల మాటే ఇక్కడ మళ్లీ వినిపించింది.

ఇంత చర్చ జరుగుతున్నా, మహిళలకు మాత్రం తలుపులు సగమే తెరుచుకున్నాయి. హార్వర్డ్ లా కాలేజీ 1950లో గాని వారిని చేర్చుకోలేదు. 1952లో స్టాన్‌ఫర్డ్ నుంచి అగ్రశ్రేణిలో ఉత్తీర్ణురాలైన శాండ్రా డే ఓకానర్‌కు ఒక న్యాయవాద సంస్థ ఇవ్వజూపినది సెక్రటరీ ఉద్యోగం. 1948లో తొలి నల్లజాతి లా క్లర్కును నియమించుకుని ఆదర్శంగా నిలిచిన జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టరే, 1960లో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్‌ను ఆ పదవికి తిరస్కరించారు. ఈ మహిళలిద్దరూ తదనంతరం సుప్రీంకోర్టు న్యాయమూర్తులయ్యారు.

భారత్‌పై ముద్ర

ఈ పరిణామాలు మనకు సంబంధం లేనివి కావు. రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్.రావు 1947లో అమెరికాలో పర్యటించి, హార్వర్డ్ మాజీ ఆచార్యుడైన ఇదే ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలుసుకున్నారు. అమెరికా రాజ్యాంగంలోని 'డ్యూ ప్రాసెస్' నిబంధన కోర్టులకు మితిమీరిన అధికారమిస్తుందని ఆయన హెచ్చరించారు. ఆ పదం మన 21వ అధికరణంలో చోటు చేసుకోలేదు. అయినప్పటికీ 1978లో మేనకాగాంధీ కేసులో సుప్రీంకోర్టు ఆ భావాన్ని వ్యాఖ్యాన మార్గంలో ప్రవేశపెట్టింది. రాజమండ్రిలో జన్మించి, భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించిన కోకా సుబ్బారావు 1967లో గోలక్‌నాథ్ కేసులో అనుసరించిన, తీర్పు భవిష్యత్తుకే వర్తిస్తుందన్న సూత్రం అమెరికా న్యాయశాస్త్రం నుంచి స్వీకరించినదే.

విద్యారంగంలోనూ ఈ ప్రభావం కనిపిస్తుంది. 1956లో ఢిల్లీలో ఏర్పడిన ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్‌కు ఫోర్డ్ ఫౌండేషన్ సాయపడింది. ఎన్.ఆర్.మాధవ మీనన్ సారథ్యంలో బెంగళూరులో ప్రారంభమైన నేషనల్ లా స్కూల్, 1998లో హైదరాబాద్‌లో నెలకొన్న నల్సార్ విశ్వవిద్యాలయం కేసుల చర్చను, క్షేత్రస్థాయి శిక్షణను పాఠ్యక్రమంలో భాగం చేశాయి.

తెగని ప్రశ్న

ప్రవేశాల్లో సమానత్వం అంటే ఏమిటన్న వివాదం మాత్రం అమెరికాలో సద్దుమణగలేదు. నల్లజాతి అభ్యర్థులకు ఇచ్చే ప్రాధాన్యం చెల్లదని 1996లో అప్పీళ్ల కోర్టు కొట్టివేసినది ఇదే టెక్సాస్ లా కాలేజీ విధానాన్ని. 2003లో మిచిగాన్ లా కాలేజీ విధానాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. స్వెట్ తీర్పును ఉదహరిస్తూ ఆ తీర్పు రాసినది జస్టిస్ ఓకానర్. ఇరవై ఏళ్ల తర్వాత, 2023 జూన్ 29న, హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో సుప్రీంకోర్టు అటువంటి ప్రాధాన్యానికి తెరదించింది. మెజారిటీ న్యాయమూర్తులు, వారితో విభేదించినవారు ఉభయులూ తమకు ఆధారంగా చూపినది బ్రౌన్ తీర్పునే.

జాతిని చూడకపోవడమే సమానత్వమని ఒక వర్గం, జాతి కారణంగా జరిగిన నష్టాన్ని చూడనిదే సమానత్వం రాదని మరొక వర్గం వాదిస్తున్నాయి. రిజర్వేషన్లపై దశాబ్దాలుగా వాదోపవాదాలు వింటున్న భారతీయులకు ఈ రెండు వాదనలూ కొత్తవి కావు. కాలేజీ ఇచ్చేది పుస్తకాలూ పట్టాలూ మాత్రమే కాదని, పరిచయాలు, పలుకుబడి, సమాజంలో స్థానం కూడా అని 1950లో గుర్తించిన న్యాయస్థానం, వాటిని ఎవరికి ఎలా పంచాలన్న ప్రశ్నకు అందరూ అంగీకరించే సమాధానం ఇంకా చెప్పవలసే ఉంది.