కత్తి రోబో చేతికిస్తామా?

'మా దగ్గర రోబోతో ఆపరేషన్' అంటూ ఆసుపత్రి హోర్డింగు కనపడగానే చాలామందికి వచ్చే ఊహ ఒకటే... డాక్టరుగారు చేతులు కట్టుకుని చూస్తుంటే మరమనిషి చకచకా కోసి, కుట్టేస్తున్నట్టు! నిజానికి మన ఆసుపత్రుల్లో జరిగేది అది కాదు. కానీ 2025లో బయటికొచ్చిన ఓ అమెరికా ప్రయోగం మాత్రం ఆ ఊహకు చాలా దగ్గరగా వెళ్లింది.

చేతులు దానివి... బుర్ర డాక్టరుది

ఆపరేషన్ రోబోల్లో బాగా పేరున్నది 'డావిన్సీ'. అమెరికా ఎఫ్‌డీఏ 2000లో దానికి అనుమతి ఇచ్చింది. రోగి పొట్టమీద చిన్న రంధ్రాలు చేసి కెమెరానూ పరికరాలనూ లోపలికి పంపుతారు. సర్జన్ కాస్త దూరంలో కూర్చుని, పెద్దగా కనిపించే దృశ్యాన్ని చూస్తూ వేళ్లు కదుపుతారు. వేలు కదిలితే లోపల పరికరం కదులుతుంది, ఆగితే ఆగుతుంది. చేతి వణుకును యంత్రం లోపలికి పోనివ్వదు. అంతేతప్ప సొంతంగా ఒక్క కుట్టూ వేయదు.

2001 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కూర్చున్న వైద్యులు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగికి రోబో సాయంతో గాల్‌బ్లాడర్ తీసేశారు. సముద్రం అడ్డున్నా నిర్ణయం మాత్రం మనిషిదే!

ఎముకతో సులువు... పేగుతో కష్టం

యంత్రం తనంతట తాను పనిచేయడమూ కొత్త కాదు. 1992లోనే 'రోబోడాక్' అనే యంత్రం తుంటి కీలు మార్పిడి కోసం తొడ ఎముకను తొలిచింది. సీటీ స్కాన్ చూసి డాక్టర్లు ముందే కొలతలిచ్చారు. వాటి ప్రకారం అది తొలుచుకుంటూ పోయింది. ఎముక గట్టిది. బిగించి పెడితే కదలదు. అందుకే కుదిరింది.

పొట్టలో అలా కాదు. ఊపిరి తీసినప్పుడల్లా అవయవాలు కదులుతాయి. పేగు పట్టుకుంటే సాగుతుంది, జారుతుంది. కాస్త నెత్తురు వస్తే కెమెరాకు దారి కనపడదు. ముందు రాసిచ్చిన కొలతలు అక్కడ పనికిరావు.

ఈ చిక్కును విప్పే పనిలోనే ఉంది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం. అక్కడి 'స్టార్' రోబో మత్తులో ఉన్న పందుల పేగు కొసలను చాలావరకు తనే కలిపి కుట్టిందని 2022లో ప్రకటించారు. 2025 జులైలో ఇంకో అడుగు. గాల్‌బ్లాడర్ తీసేముందు దాని నాళానికీ, రక్తనాళానికీ క్లిప్పులు పెట్టి కత్తిరించాలి. మొత్తం పదిహేడు పనులు. సర్జన్లు చేసిన వీడియోలు చూపించి రోబోకు ఆ విద్య నేర్పారు. 'ఎడమ చెయ్యి కాస్త పక్కకు జరుపు' అని మాటతో చెప్పినా అర్థం చేసుకుంటుంది. పొరపాటు జరిగితే తనే సరిదిద్దుకుంటుంది. ఎనిమిదిసార్లు పరీక్షిస్తే ఎనిమిదిసార్లూ పూర్తిచేసింది. కాకపోతే సర్జన్ కన్నా నెమ్మది.

ఒక్క మాట మరవకూడదు. అవి చనిపోయిన పందుల నుంచి తీసిన అవయవాలు. నెత్తురు పారదు, గుండె కొట్టుకోదు, తలుపు బయట ఆత్రంగా ఎదురుచూసే కుటుంబమూ ఉండదు.

ఆగడం తెలియాలి

గాల్‌బ్లాడర్ ఆపరేషన్లో సర్జన్లు ఎక్కువగా భయపడేది ఒక నాళం అనుకుని ఇంకోదాన్ని కత్తిరించడానికే. కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే ప్రధాన నాళం తెగితే రోగికి ఏళ్లతరబడి కష్టం. అందుకే అనుభవమున్న డాక్టరు అనుమానం వస్తే ఆగిపోతారు. ఇంకొకరిని పిలుస్తారు. అవసరమైతే పొట్ట తెరిచి చేస్తారు. యంత్రానికి అసలు పరీక్ష కోయడంలో కాదు, 'నాకు తెలియడంలేదు' అని ఆగడంలో ఉంది.

అది ఆగకపోతే? ఇప్పుడైతే జవాబు చెప్పాల్సింది డాక్టరూ ఆసుపత్రీ. రేపు నిర్ణయం యంత్రానిదైతే తప్పు ఎవరిది? దాన్ని తయారుచేసిన కంపెనీదా, నేర్పినవారిదా, పక్కనున్న సర్జన్‌దా? కత్తి ఇచ్చేముందే ఈ లెక్క తేలాలి.

కొత్త పద్ధతి అంటే మెరుగైన పద్ధతి అనీ కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రోబోతో సహా చిన్న రంధ్రాల పద్ధతిలో ఆపరేషన్ చేయించుకున్నవారి కన్నా, పొట్ట తెరిచి చేయించుకున్నవారే ఎక్కువమంది బతికారని 2018లో ఓ పెద్ద అధ్యయనం తేల్చింది.

కాబట్టి రేపు ఇంట్లో ఎవరికైనా రోబోతో చేస్తామంటే సంతకం పెట్టేముందు మూడు మాటలు అడగండి. ఈ జబ్బుకు రోబో వల్ల లాభమేంటి? ఇలాంటివి మీరు ఎన్ని చేశారు? మధ్యలో ఇబ్బంది వస్తే ఏం చేస్తారు?

ఈ మూడింటికీ ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాల్సింది మాత్రం మనిషే!