గాలి వీస్తున్నా మర తిరగదెందుకు?

అనంతపురం మెట్టల మీద గాలిమరలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆషాఢంలో గాలి హోరుమని వీస్తుంటే కూడా ఒక్కోసారి రెక్క కదలదు. కలుపు తీసే కూలీలు చూసి "మర చెడిపోయినట్టుంది" అనుకుంటారు. చెడిపోనక్కర్లేదు. "ఆపండి" అని పైనుంచి కబురొచ్చినా మర ఆగుతుంది. దీన్నే ఉత్పత్తి కోత అంటారు.

పెద్దోళ్ల వ్యవహారం, మనకెందుకు అనుకోవద్దు.

కరెంటు వడ్లలాగా గాదెలో పోసుకునేది కాదు. ఏ క్షణాన ఎంత వాడకం ఉంటే ఆ క్షణాన అంతే ఉత్పత్తి ఉండాలి. ఈ తూకం చూసేది రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్. లైను మోయలేనంత కరెంటు వస్తే ఆపక తప్పదు. అది న్యాయమే. కానీ "ఈ కరెంటు ఖరీదెక్కువ" అని ఆపితే? గాలి, ఎండ కరెంటును గ్రిడ్ భద్రతకు ముప్పుంటే తప్ప ఆపకూడదని 2010 గ్రిడ్ కోడే చెప్పింది.

2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత ఒప్పందాలు తిరగదోడింది. గాలి కరెంటు యూనిట్ 2.43 రూపాయలకు, సౌర కరెంటు 2.44కు తగ్గించండని డిస్కంలు ఉత్తరాలు రాశాయి. రేటు మీదా, కోత మీదా కంపెనీలు హైకోర్టుకెక్కాయి. 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పందం రేటే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పిచ్చింది. ఈలోగా 2021 అక్టోబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది: సాంకేతిక అడ్డంకి, గ్రిడ్ భద్రత తప్ప మరే కారణంతో ఆపినా, కరెంటు కొనే సంస్థ ఒప్పందం రేటున నష్టపరిహారం చెల్లించాలి.

మంచిదే. మర ఆగితే కంపెనీకి పరిహారం. మరి ఆ డబ్బు ఎవరిది? డిస్కం పెట్టె నిండేది జనం కట్టే చార్జీలతోనే కదా!

ఇంకో ప్రశ్న. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో దాదాపు ఆరు వేల ఎకరాల్లో 2017లో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు వెలిసింది. ఇలా పలకలు పరిచిన చోట విత్తనమూ లేదు, కలుపూ లేదు, గొర్రెల మేతా లేదు. అలా పని పోయిన కూలీకి పరిహారమేది? 2013 భూసేకరణ చట్టం మూడేళ్లుగా అక్కడ పనిచేసిన కూలీని, కౌలుదారుని కూడా బాధిత కుటుంబమనే అంటుంది. కానీ సేకరణ కాదు, కౌలుకు తీసుకుంటున్నాం అంటే ఆ చట్టం గడప దాటి లోపలికి రాదు. ఆగిన మరకున్న హక్కు, ఆగిన కొడవలికి లేదా?

అడగాల్సినవి మూడున్నాయి. ఏ రోజు, ఎంతసేపు, ఏ కారణంతో కోత పెట్టారో బయటపెట్టాలి. మధ్యాహ్నం ఎండ కరెంటు పారబోసే బదులు వ్యవసాయ మోటార్లకు పగటిపూటే ఇవ్వాలి. 2019లో వచ్చిన కుసుమ్ పథకం కింద రైతులు, రైతు సంఘాలు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా పెట్టుకునే సౌర ప్లాంట్లకు సబ్‌స్టేషన్‌లో చోటు దొరకాలి. పెద్ద పార్కుకు తెరిచిన గ్రిడ్ తలుపు చిన్న రైతుకు మూయకూడదు.

చార్జీలు నిర్ణయించే ముందు విద్యుత్ నియంత్రణ మండలి జనం అభ్యంతరాలు వినాలి. 2003 చట్టం 64వ సెక్షన్ చెప్పేదదే. తెలుగులోనే రాయండి. ఊరికి పదిమంది కలిసి వెళ్లండి. గాలి అందరిదీ. ఎండ అందరిదీ. లెక్క కూడా అందరికీ తెలియాలి.