ఆకసమునుండి పిలుచు పెట్టె

2013వ సంవత్సరము జూన్ నెలలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున విద్యార్థిమిత్రులు కొందరు ఒక పెద్ద రబ్బరు బెలూనును ఎగురవేసిరి. దానికి ఒక చిన్న పెట్టెను వ్రేలాడగట్టిరి. అందు కెమెరాయు, ఒక సెల్‌ఫోనును ఉండెను. బెలూను సుమారు 30 కిలోమీటర్ల ఎత్తునకు ఎగసి, అచ్చట పగిలిపోయెను. పెట్టె పారాచూటు సాయమున నేలకు దిగెను. దిగిన వెంటనే ఫోను తానున్న చోటును తెలుపవలెనని వారి ఏర్పాటు. కాని వారు ఎంత వేచినను వార్త రాలేదు. పెట్టె పడిన నిర్జనప్రదేశమున ఫోనుకు సంకేతములు అందకపోయెను. రెండు సంవత్సరముల పిదప ఆ దారిని నడచిపోవుచున్న ఒక స్త్రీకి ఆ పెట్టె కనబడెను. ఆమె చలువచే అది స్వంతదారులకు చేరెను. అప్పుడు గాని, గ్రాండ్ కాన్యన్ అను మహాలోయను ఆకసమునుండి చూపు ఆ చిత్రములు వెలుగు చూడలేదు.

బెలూనును ఎగురవేయుట ఒక యెత్తు. అది మోసికొనిపోయిన పెట్టెను తిరిగి కనుగొనుట మరియొక యెత్తు. ఈ రెండవ పనియే కష్టతరమైనది. దీనిని సాధించుటకు విద్యార్థులకు తోడ్పడు విద్యలలో ఔత్సాహిక రేడియో ముఖ్యమైనది.

బెలూను ప్రయాణము

ఈ బెలూనులను లాటెక్సు అను పలుచని రబ్బరుతో చేయుదురు. లోపల హీలియము నింపుదురు. హైడ్రోజను హీలియముకంటె తేలికయైనదే కాని, అది నిప్పు తగిలిన భగ్గున మండును. బయలుదేరునపుడు బెలూను అడ్డుకొలత సుమారు 2 మీటర్లుండును. అది సెకనుకు 5 మీటర్ల చొప్పున పైకి లేచును. ఈ లెక్కన 30 కిలోమీటర్ల ఎత్తు చేరుటకు 100 నిమిషములు పట్టును.

పైకి పోయినకొలది చుట్టునున్న గాలి ఒత్తిడి తగ్గును. అందువలన లోపలి వాయువు వ్యాకోచించును. 30 కిలోమీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి నేలమీది ఒత్తిడిలో సుమారు నూరవ వంతు మాత్రమే. అచ్చటికి చేరునప్పటికి బెలూను అడ్డుకొలత దాదాపు 8 మీటర్లగును. రబ్బరు ఇక సాగలేక పగులును. అప్పుడు పెట్టె వేగముగా పడసాగును. పలుచని గాలిలో పారాచూటునకు పట్టు దొరకదు. క్రిందికి వచ్చినకొలది గాలి దట్టమై, పారాచూటు పెట్టెను మెల్లగా దింపును.

ఈ మార్గమున చలి అతితీవ్రముగా నుండును. మన ఉష్ణమండలముపై 16, 17 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 70 డిగ్రీల సెంటీగ్రేడును మించి పడిపోవును. సాధారణమైన బ్యాటరీలు ఆ చలికి నీరసించును. కావున చలికి ఓర్చుకొను లిథియము బ్యాటరీలను వాడి, పరికరములన్నిటిని థర్మోకోల్ పెట్టెలో భద్రపరతురు.

గాలి ఎటు కొట్టిన అటు

నావకు చుక్కాని యున్నది, బెలూనునకు లేదు. గాలి యెటు వీచిన అది అటే పోవును. అయినను అది ఎచ్చట దిగునో ముందుగా ఊహించుటకు వీలున్నది. వాయుమండలమును ఒక్కొక్క కిలోమీటరు మందముగల పొరలుగా భావించి లెక్క వేయుదురు. ఒక పొరను దాటుటకు బెలూనునకు 200 సెకనులు పట్టును. ఆ పొరలో గాలి సెకనుకు 20 మీటర్ల వేగముతో తూర్పునకు వీచుచున్నచో, బెలూను అంతలో 4 కిలోమీటర్లు తూర్పునకు జరుగును. ఇట్లు అన్ని పొరలలోని జరుగుబాటులను, దిగివచ్చునప్పటి జరుగుబాటులను కూడిన, దిగుచోటు తెలియును.

దీనికి పైగాలుల వివరములు కావలెను. వాతావరణశాఖవారు హైదరాబాదు, మచిలీపట్టణము, విశాఖపట్టణము మొదలగు కేంద్రములనుండి బెలూనులను పంపి ఈ వివరములను సేకరింతురు. వర్షఋతువున మన ప్రాంతమున క్రింది గాలులు పడమటినుండి తూర్పునకు వీచును. బాగుగ పైనున్న గాలులు తూర్పునుండి పడమటికి వీచును. కావున ఆ కాలమున ఎగిరిన బెలూను మొదట తూర్పునకు సాగి, పిదప పడమటికి మరలును. నేలమీద నిలిచి క్రింది గాలిని మాత్రము చూచి వెదకబోవువాడు పూర్తిగా పొరపడును.

ఎంత లెక్క వేసినను అది ఊహయే. బెలూను కొంచెము ముందుగా పగిలినను, గాలి కొంచెము మారినను, దిగుచోటు అనేక కిలోమీటర్లు తప్పిపోవును. కావున పెట్టె తానున్న చోటును తానే చెప్పుకొనవలెను.

రేడియో పలుకు

బెలూనునుండి రేడియోద్వారా వార్త పంపు విధానము క్రొత్తది కాదు. 1929వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడైన రాబర్ట్ బ్యూరోయు, 1930వ సంవత్సరమున రష్యా దేశీయుడైన మల్చనోవును పైగాలి వివరములను రేడియోద్వారా నేలకు పంపు పరికరములను బెలూనులతో ఎగురవేసిరి. వాటికి రేడియోసోండులని పేరు. వాతావరణశాఖలకు సంఖ్యలు చేరినచో చాలును. పెట్టె పోయినను వారి పని సాగును. విద్యార్థుల సంగతి అట్టిది కాదు. వారు తీసిన చిత్రములు, వారు పంపిన విత్తనములు, వారు చేసిన పరికరములు అన్నియు పెట్టెలోనే యుండును. అది దొరకనిచో నెలల శ్రమ వ్యర్థము.

ఇచ్చటనే ఔత్సాహిక రేడియోకారులు తోడ్పడుదురు. వీరిని హాములందురు. వీరు లాభాపేక్ష లేక, విద్యపై గల ప్రీతిచే రేడియోను అభ్యసించువారు. ప్రభుత్వమువారి పరీక్షలో ఉత్తీర్ణులై అనుమతి పొందినవారికి అక్షరములు, అంకెలు కలిసిన ఒక పిలుపుగుర్తు లభించును. 1987వ సంవత్సరమున అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున బిల్ బ్రౌన్ అను హాము చిన్న టెలివిజను ప్రేషకమును బెలూనుతో పంపెను. నాటినుండి ఆ దేశమున ఈ విద్య బాగుగ వ్యాపించినది.

పెట్టెలోని జీ.పీ.ఎస్. పరికరము ఉపగ్రహముల సంకేతములనుబట్టి అక్షాంశ రేఖాంశములను, ఎత్తును లెక్కించును. చిన్న ప్రేషకము ఆ అంకెలను పిలుపుగుర్తుతో కలిపి మాటిమాటికి ప్రసారము చేయును. ఇట్టి వార్తలను పంపుటకు, అందుకొని పటముపై గుర్తించుటకు అమెరికా నౌకాదళ విద్యాలయమున పనిచేసిన బాబ్ బ్రునింగా రూపొందించిన పద్ధతి ప్రసిద్ధమైనది. జీ.పీ.ఎస్. పరికరమును ఎంచుకొనుటలో ఒక మెలకువ అవసరము. క్షిపణులలో వాడకుండుటకై, కొన్ని పరికరములు 18 కిలోమీటర్ల ఎత్తు దాటినంతనే పనిచేయుట మానునట్లు చేయబడినవి. అట్టిదానిని పంపినచో, బెలూను అత్యున్నతముగా నున్న సమయముననే పెట్టె మూగవోవును.

ఫోనుకు దగ్గరలో ఒక స్తంభము ఉండవలెను. హాము రేడియోకు అట్టి ఆధారము అక్కరలేదు. నడుమ అడ్డు లేకున్న చాలును. 30 కిలోమీటర్ల ఎత్తునుండి చూచినచో, భూమి వంపు అడ్డుపడుటకు ముందు 600 కిలోమీటర్లకు పైగా దూరము కనబడును. హైదరాబాదుపై అంత ఎత్తున నున్న పెట్టె పలుకును విశాఖపట్టణమున వినుటకు భూమి వంపు అడ్డురాదు. అందుచే ఎక్కువ శక్తియు అవసరము లేదు. బ్రిటనులో ఇట్టి బెలూనులపై చాలకాలము వాడిన ప్రేషకముల శక్తి 10 మిల్లీవాట్లు మాత్రమే. అది చేతిదీపపు బల్బు వాడు శక్తిలో యాభయ్యవ వంతు కూడ కాదు. అయినను దాని పలుకు వందలాది కిలోమీటర్లు వినబడును. ఊరూర నున్న శ్రోతలు తాము విన్న దానిని ఇంటర్నెట్టుద్వారా ఒకచోట చేర్తురు. ఒకరికి వినబడని ముక్క వేరొకరికి వినబడును. అందరి ముక్కలు కలిసి బెలూను బాట పూర్తియగును.

చివరి కిలోమీటరు

పెట్టె క్రిందికి దిగినకొలది దాని పలుకు చేరు దూరము తగ్గును. కొండలు, చెట్లు, ఇండ్లు అడ్డుపడును. పెట్టె నేల తాకిన పిదప అది కొలది కిలోమీటర్ల మేర మాత్రమే వినబడవచ్చును. కావున వెదకువారు ఊహించిన దిగుచోటునకు ముందే బయలుదేరి, దారిలో వార్తలు వినుచు, తమ త్రోవను మార్చుకొనుచు సాగుదురు. పెట్టె ఎంత తక్కువ ఎత్తున ఉండగా చివరి వార్త అందిన, వెదకవలసిన నేల అంత తగ్గును.

జీ.పీ.ఎస్. చెడిపోయినను ఆశ వదలుకొననక్కరలేదు. ప్రేషకము పలుకుచున్న చాలును. హాములు యాగీ ఏరియలును చేతబట్టి నలుదిక్కులకు త్రిప్పుదురు. జపానులో 1926వ సంవత్సరమున ఉడా, యాగీ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఈ ఏరియలు తాను చూచు దిక్కునుండి వచ్చు పలుకును ఎక్కువ బిగ్గరగా అందుకొనును. ఆ దిక్కును దిక్సూచితో కొలిచి, పటముపై ఒక గీత గీయుదురు. దూరముగా నున్న మరియొక చోటునుండి మరల కొలిచి రెండవ గీత గీయుదురు. ఆ రెండు గీతలు ఖండించుకొను చోటనే పెట్టె యుండును. మిక్కిలి దగ్గరకు వచ్చిన పిదప ఏరియలు లేకున్నను ఉపాయమున్నది. చేతి రేడియోను రొమ్మునకు దగ్గరగా పట్టుకొని మెల్లగా తిరుగుదురు. ఏ దిక్కునకు వీపు పెట్టినప్పుడు శరీరము అడ్డై పలుకు సన్నగిల్లునో, పెట్టె ఆ వీపు వైపుననే యున్నదని గ్రహింతురు.

కనుగొనువారి మంచితనము

పెట్టె మొదట ఒక రైతు కంటనో, పశులకాపరి కంటనో పడవచ్చును. 1783వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన ఫ్రాన్సులో ఛార్లెస్ అను శాస్త్రజ్ఞుడు పారిసునుండి ఎగురవేసిన హైడ్రోజను బెలూను గొనెస్ అను గ్రామమున పడెను. గ్రామస్థులు అదేదో భయంకరమైన జంతువని తలచి, దానిని చీల్చి పాడుచేసిరి. వారి తప్పు కొంచెమే. వారికి ఎవ్వరును ముందుగా తెలుపలేదు. ఆ పిదప ప్రభుత్వమే ప్రజలకు బెలూనులనుగూర్చి ప్రకటన చేయవలసి వచ్చెను. అందువలననే నేడు పెట్టెపై "ఇది హానికరము కాదు; విద్యార్థుల ప్రయోగము" అని స్థానికభాషలో వ్రాసి, ఎవరికి తెలుపవలెనో చిరునామాను అంటింతురు. విమానములకు అపాయము కలుగకుండ ముందుగా అధికారుల అనుమతి పొందుటయు, ఆ దేశపు నియమములను పాటించుటయు ఎగురవేయువారి విధి.

తిరిగి చేరిన పెట్టె విలువ ఎట్టిదో హైదరాబాదు చరిత్ర తెలుపును. 2005వ సంవత్సరము ఏప్రిలు 20వ తేదీన అచ్చటి జాతీయ బెలూను కేంద్రమునుండి శాస్త్రజ్ఞులు ఒక మహాబెలూనును పంపిరి. అది 459 కిలోగ్రాముల పరికరములను మోసికొనిపోయెను. 20 కిలోమీటర్లనుండి 41 కిలోమీటర్ల వరకు వేర్వేరు ఎత్తులలో గాలిని ఉక్కు గొట్టములలో పట్టి, పారాచూటుతో క్రిందికి దింపి భద్రముగా సేకరించిరి. ఆ గాలిలో మూడు క్రొత్త జాతుల సూక్ష్మజీవులు దొరకెనని 2009వ సంవత్సరమున ప్రకటించిరి. అందొక దానికి ఆర్యభటుని పేరు పెట్టిరి. ఆ గొట్టములు ఏ అడవిలోనో పడి దొరకకపోయినచో, ఆ జీవుల సంగతి ఎవ్వరికిని తెలియకుండెడిది.

విద్యార్థుల పెట్టె చిన్నదే. అయినను దానిని పైకి పంపువారు, దాని పలుకును దూరముననుండి వినువారు, పొలమున దానిని చూచి కాపాడువారు ఒకరికొకరు తోడైనప్పుడే ఆ ప్రయోగము పూర్తియగును.