భావనపాడు ఇసుక ఏ కొండది?

భావనపాడులో సరుగుడు తోటలు దాటి ఒడ్డు మీది ఇసుక దిబ్బ ఎక్కితే కాసేపు ఎడారిలో నిలబడినట్టే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాకు వానలకు లోటు లేదు. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే పడుతుంది. కానీ ఇసుకలో నీరు నిలవదు. రేణువుల మధ్య సందులు పెద్దవి కాబట్టి కురిసిన నీరు కురిసినట్టే లోపలికి దిగిపోతుంది, పైపొర ఇట్టే ఆరిపోతుంది. ఆరిన ఇసుక గాలికి లోకువ.

గాలి ఇసుకను దుమ్ములా పైకి ఎగరేసుకుపోదు, గెంతిస్తుంది. గెంతి పడిన రేణువు ఇంకో నాలుగు రేణువులను తన్ని లేపుతుంది. లిబియా ఎడారిలో తిరిగి ఈ సంగతిని లెక్క కట్టిన బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నాల్డ్ 1941లో దీని మీద పుస్తకమే రాశాడు. సహారాకైనా, మన తీరానికైనా సూత్రం ఒకటే. మన దగ్గర అదనంగా ఉన్నవి మొక్కలు. ఊదా పూల బాలబంద తీగ, ముళ్ల బంతుల్లాంటి కాయలతో రావణాసురుడి మీసాలు గాలి వేగాన్ని నేల దగ్గరే తగ్గిస్తాయి. గెంతే ఇసుక అక్కడే పడి దిబ్బ పెరుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లా మీద విరుచుకుపడింది. అలాంటి రాత్రి ఉప్పెనకు, ఊరికి మధ్య ఉండేది ఈ దిబ్బలే. వాటి మీద తీగ పీకినా, ఇసుక తవ్వినా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు అలల అంచుకు దిగి చూడండి. తెల్లటి ఇసుక మీద నల్లటి, ఎర్రటి చారలు కనిపిస్తాయి. నలుపు ఎక్కువగా ఇల్మనైట్, ఎరుపు గార్నెట్. నీటితో పోలిస్తే మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ 2.65 రెట్లు బరువు, గార్నెట్ సుమారు 4 రెట్లు, ఇల్మనైట్ 4.7 రెట్లు. వెనక్కి మళ్లే అల తేలిక రేణువులను లాక్కుపోయి బరువైనవాటిని ఒడ్డునే వదిలేస్తుంది, అమ్మలు చేటతో బియ్యం చెరిగినట్టు.

ఆ గార్నెట్ పుట్టింటికి వెళ్లాలంటే వంశధార వెంట ఎగువకు నడవాలి. ఒడిశా కొండల్లో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు పారి, భావనపాడుకు నైరుతి దిక్కున కళింగపట్నం దగ్గర ఈ నది సముద్రంలో కలుస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఏటవాలుగా తాకుతూ ఒడ్డు ఇసుకను ఈశాన్యానికి తోసుకొస్తాయి. ఎగువన తూర్పు కనుమల్లో విరివిగా ఉన్న రాయి ఖోండలైట్. ఖోండు తెగవారి పేరే దానికి పెట్టారు. అందులో గార్నెట్ గింజలు కళ్లతోనే కనిపిస్తాయి. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో విపరీతమైన వేడికి, ఒత్తిడికి మారిన రాయి అది. ఒకప్పుడు ఈ కనుమలూ తూర్పు అంటార్కిటికా కొండలూ ఒకే వరుస. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. అక్కడి రాళ్లు మంచు కింద ఉన్నాయి, ఇక్కడివి ఎండకూ వానకూ చివికి రేణువు రేణువుగా మన కాళ్ల కిందికి వస్తున్నాయి. దారిలో గొట్టా బ్యారేజీ కొంత ఇసుకను ఆపుతుంది, నది ఇసుక తవ్వకాలు ఇంకొంత. కొండ నుంచి సరుకు తగ్గితే సముద్రం ఒడ్డునే కోసుకుంటుంది.

అదే నది చరిత్రనూ మోసింది. కళింగపట్నానికి కాస్త ఎగువన, వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. అక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులు. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగువారే. చక్రాకారపు పునాదితో ఇటుక స్తూపం, చైత్యాలు, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. భిక్షువులు ఈ కొండను ఎందుకు ఎంచుకున్నారో పైకెక్కితే అర్థమవుతుంది. కింద నది, ఆ వైపే కళింగపట్నం రేవు. వ్యాపారులు వచ్చే దారి కనుచూపు మేరలో ఉంటుంది, ఊరి సందడి మాత్రం చెవిన పడదు. ఇంకా ఎగువకు వెళ్తే తూర్పు గాంగుల రాజధానిగా వెలిగిన ముఖలింగం.

ఇవన్నీ చూసి రావడానికి రెండు రోజులు చాలు. చలికాలమైతే మేలు, అప్పుడు టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా గూళ్లు కట్టుకుని ఉంటాయి. నౌపడ తంపర భూముల్లో చేపలు పట్టి పిల్లలకు తెస్తాయి. రైల్లో వచ్చేవారు నౌపడ జంక్షన్‌లో దిగవచ్చు, దారి పక్కనే ఉప్పు మడులు. శాలిహుండం మాత్రం పొద్దున్నే ఎక్కండి, తొమ్మిది దాటితే మెట్లు కాలతాయి.