తీగ తెగినను పని ఆగరాదు

ధర్మపురి గోదావరీ తీరమున వెలసిన పుణ్యక్షేత్రము. ఏటేటా ఫాల్గుణమున జరుగు శ్రీ లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవములకు యాత్రికులు వేలాదిగా వత్తురు. 2015 జూలైలో గోదావరి పుష్కరములకు ఈ రేవులును ఒక ప్రధానస్థానమైనవి. మరల 2027లో పుష్కరములు రానున్నవి. ఎగువన శ్రీరామసాగరము గేట్లు ఎత్తినను, కడెము వాగు పొంగినను ఆ నీరు ఈ తీరమునకే వచ్చును. జనప్రవాహమును జలప్రవాహమును హెచ్చు ఇట్టి చోట సమాచారము సకాలమున అందుట ప్రాణసమానము.

కాని అవసరము వచ్చిన దినముననే సమాచార మార్గములు మొరాయించును. వేలాది ఫోనులు ఒకే టవరును ఆశ్రయించినపుడు మాట సాగదు. గాలివానకు విద్యుత్తు పోవును. తవ్వకములలో ఫైబరు తీగ తెగును. అట్టి సమయమున గ్రామములలోని యంత్రములు ఎట్లు పని చేయవలెనో, అందుకు పంచాయతీ సభ్యులు ఏమి చేయగలరో ఇచ్చట వివరింప దలచితిమి.

దూరపు కచేరి, ఊరి దఫ్తరము

‘క్లౌడ్’ అను పేరు విని మేఘమని భ్రమపడనక్కర లేదు. ఎక్కడో నగరములో ఒక పెద్ద భవనమున వరుసలుగా నిలిపిన కంప్యూటర్ల సముదాయమే క్లౌడ్. ‘ఎడ్జ్ కంప్యూటరు’ అనగా అంచున, పని జరుగు చోటనే ఉంచిన చిన్న కంప్యూటరు. రేవు కెమెరాల పెట్టె, నీటిమట్టము కొలుచు యంత్రము, మండలములోని వర్షమాపక కేంద్రము ఈ కోవకు చెందినవి.

ఈ పద్ధతి మన గ్రామములకు కొత్తది కాదు. ఒకప్పుడు పట్వారీ పహాణీని ఊరిలోనే వ్రాసికొని, జమాబందీ నాటికి తహసీలు కచేరికి చేర్చెడివాడు. వాగు పొంగి బాట నిలిచినంత మాత్రమున లెక్క నిలువలేదు.

అత్యాధునిక విజ్ఞానమును ఈ మార్గమునే అనుసరించుచున్నది. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారక కక్ష్యలో ప్రవేశించినపుడు, ఇచ్చటి సంకేతము అచ్చటికి చేరుటకు సుమారు 12 నిమిషములు పట్టెడిది. కావున మన శాస్త్రజ్ఞులు చేయవలసిన పనులన్నిటిని ముందుగనే నౌకలో నిక్షేపించిరి. అది భూమి నుండి వచ్చు ఆజ్ఞకై వేచియుండక, తన పనిని తానే నెరవేర్చుకొన్నది.

రేవు కెమెరాల సంగతి చూడుడు. ఒక మంచి కెమెరా చిత్రములను పంపుటకు సెకనునకు సుమారు 4 మెగాబిట్ల దారి కావలెను. 20 కెమెరాలకు 80 మెగాబిట్లు కావలెను. రద్దీ దినమున అంత దారి దొరకుట కష్టము. అట్లుగాక చిత్రములను రేవు వద్దనే పరిశీలించి, ‘ఈ మెట్లపై ఇందరున్నారు’ అను అంకెను మాత్రము పంపినచో అతి సన్నని దారి చాలును. దారి పూర్తిగా మూసికొనినను హెచ్చరిక గంట రేవులోనే మ్రోగును. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర రేవున తొక్కిసలాట జరిగి 25 మందికి పైగా మరణించిరి. రద్దీలో కొన్ని నిమిషముల ఆలస్యము ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనవసరము లేదు.

నమ్మకమైన యంత్రమునకు నాలుగు నియమములు

మొదటిది: ముందు చిట్టా, తరువాత ఖాతా. వర్తకుడు బేరము జరుగగానే చిట్టాలో వ్రాయును; తీరిక వేళ ఖాతాకెక్కించును. యంత్రము కూడ ప్రతి సంగతిని మొదట తన శాశ్వత నిలువలో వ్రాసికొని, ఆ తరువాతనే క్లౌడునకు పంపవలెను. తాత్కాలిక జ్ఞాపకములో మాత్రమే ఉంచినచో కరెంటు పోగానే సర్వము చెరిగిపోవును. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ పనులలో ఫోను ద్వారా హాజరు వేయుట తప్పనిసరి చేసిరి. అప్పుడు కూడ దారి లేని చోట హాజరును ఫోనులోనే నిలుపుకొని, దారి దొరకినపుడు పంపు ఏర్పాటు ఉండినది. కూలివాని కష్టమునకు అదియే రక్ష.

రెండవది: రసీదు రానిదే నకలు తీసివేయరాదు. క్లౌడు ‘అందినది’ అని చెప్పువరకు యంత్రము నకలును భద్రపరచవలెను. ప్రతి నమోదునకు ఒక సంఖ్య ఉండి, మరల పంపునపుడు అదే సంఖ్యతో పంపవలెను. లేనిచో ఒకే పని రెండుమార్లు లెక్కకెక్కును. మైక్రో ఏ.టి.ఎం. వద్ద నగదు చేతికి రాకుండగనే ఖాతాలో సొమ్ము తరుగుట ఇట్టి చిక్కులలో ఒకటి. అట్టి సొమ్మును లావాదేవీ జరిగిన పిదప 5 దినములలో తిరిగి జమ చేయవలెననియు, ఆపై ఆలస్యమునకు దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమీయవలెననియు రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించినది. ఈ సంగతి సభ్యులు ఊరివారికి తెలుపుట మంచిది.

మూడవది: తలుపు తెరువగానే తోసికొనరాదు. దారి రాగానే యంత్రములన్నియు ఒక్కసారి పంపబూనినచో మరల దారి మూసికొనును. ఒకమారు విఫలమైన యంత్రము 1 నిమిషము, పిదప 2, ఆపై 4, 8 నిమిషములు ఆగి ప్రయత్నింపవలెను. ఒక్కొక్క యంత్రము కొంచెము వేరు వేరు కాలము ఆగుట ఇంకను మేలు.

నాలుగవది: గడియారము తప్పరాదు. నీటిమట్టము ఎంతయో తెలిసినను, అది ఎన్ని గంటల నాటిదో తెలియనిచో ప్రయోజనము లేదు. కరెంటు లేకున్నను నడుచు చిన్న బ్యాటరీ గడియారము యంత్రములో ఉండవలెను.

మౌనము క్షేమము కాదు

యంత్రము నుండి వార్త రాకున్నచో ‘అంతయు క్షేమమే’ అని తలచుట గొప్ప ప్రమాదము. వాన లేక వార్త రాలేదా, యంత్రమే చెడి రాలేదా అన్నది తెలియవలెను. కావున యంత్రము నిర్ణీత కాలమునకొకమారు ‘నేను ఉన్నాను’ అని సంకేతమీయవలెను. అది తప్పినచో ఎవరు వెళ్లి చూడవలెనో పేరు వ్రాసి ఉంచవలెను. యంత్రము స్తంభించినచో దానంతటదే మరల ఆరంభమగు ఏర్పాటును సరఫరాదారును అడుగవలెను.

దారి లేనిదే జరుగని పనులు

కొన్ని పనులు యంత్రము ఒంటరిగా తేల్చజాలదు. చౌకధరల దుకాణములో వ్రేలిముద్రను ఆధార్ కేంద్ర భాండారముతో సరిచూచుటకు దారి కావలెను. అది లేనపుడు పేదవాడు ఖాళీ సంచితో మరలిపోవలెనా? అక్కర లేదు. దారి లేమి వలన వ్రేలిముద్ర సరిపడలేదను కారణమున ఎవరికిని ధాన్యము నిరాకరింపరాదని 2017 అక్టోబరులో కేంద్ర ఆహార శాఖ రాష్ట్రములకు తెలిపినది. అట్టి దినమున ఎవరి అనుమతితో, ఏ రిజిస్టరులో వ్రాసి ఈయవలెనో పంచాయతీ ముందుగనే తహసీల్దారు నుండి వ్రాతమూలకముగా తెలిసికొనవలెను.

పంచాయతీ చేయదగినవి

విద్యుత్తు లెక్క సులభము. 10 వాట్ల యంత్రము దినమునకు 240 వాట్-గంటలు వాడును. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,200 వాట్-గంటలుండును. బ్యాటరీ మన్నిక కొరకు సగమే వాడినను రెండున్నర దినములు గడచును. మన ప్రాంతపు ఎండలు 45 డిగ్రీలకు చేరును గనుక పెట్టెను నీడన, గాలి ఆడు చోట ఉంచవలెను. పిడుగుల నుండి రక్షణకు మంచి ఎర్తు అవసరము.

రెండు దారులుండుట మేలు. కాని అవి నిజముగా రెండు కావలెను. రెండు కంపెనీల సిమ్ కార్డులున్నను, ఆ రెండును ఒకే టవరుపై ఆధారపడినచో అది ఒకే దారి. మన రాష్ట్రమున మిషన్ భగీరథ గొట్టముల వెంటనే ఫైబరు మార్గమును వేసిరి. కావున నీటిగొట్టము మరమ్మతునకు తవ్వునపుడు ఫైబరు సిబ్బందికి ముందుగా తెలుపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది పరీక్ష. వానకాలమునకు పూర్వము, జాతరకు పూర్వము ఒక దినము సరఫరాదారు సమక్షమున దారిని తామే తీసివేసి చూడవలెను. గంట మ్రోగినదా? లెక్క నిలిచినదా? దారి రాగానే ప్రతి నమోదును ఒక్కమారే చేరినదా? సంఖ్యలను సరిచూచి ఫలితమును పంచాయతీ పుస్తకములో వ్రాయవలెను. పరీక్షలో నెగ్గని యంత్రమునకు బిల్లు మంజూరు చేయరాదు.

యంత్రమును కొనుట ఒకనాటి పని, దానిని నమ్మదగినదిగా నిలుపుట నిత్యకృత్యము. గోదావరి పరీక్షించుటకు పూర్వమే మన యంత్రములను మనము పరీక్షించుకొందము.