మీకు తెలుసా? టమాటా లేని బ్రుస్కెట్టా

పార్టీల్లో కాల్చిన రొట్టె మీద టమాటా ముక్కలు పేర్చి ఇచ్చే ఇటలీ బ్రుస్కెట్టాకు మొదట్లో టమాటాయే లేదు! అమెరికా ఖండాల నుంచి ఆ పండు ఐరోపా చేరింది 16వ శతాబ్దంలో. ఇటలీలోని టస్కనీలో ఇప్పటికీ ఆలివ్ గానుగ ఆడగానే, నిప్పుల మీద కాల్చిన రొట్టెకు పచ్చి వెల్లుల్లి రుద్ది, కొత్త నూనె ధారగా పోసుకుని రుచి చూస్తారు. కాలిన రొట్టె గరుకుదనమే వెల్లుల్లిని తురిమేస్తుంది. అక్కడి సంప్రదాయ రొట్టెలో ఉప్పు వేయరు, కాబట్టి పైన చిటికెడు చల్లాల్సిందే. తీపి కావాలా? రికోటా చీజ్, అంజీర్ ముక్కలు, కాస్త తేనె (నా ఓటు దీనికే). రొట్టె ఎర్రగా కాలి కమ్మటి వాసన రావడానికి ముఖ్య కారణమైన రసాయన చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ వివరించాడు. టమాటా మాత్రం వడ్డించే ముందే పెట్టండి. రసం దిగితే కరకర పోతుంది.