యజమాని కొన్నాడని మనమూ కొనవచ్చునా?

నాందేడ్ మొదలుకొని ధర్మాబాద్, దెగ్లూర్ వరకు మన తెలుగు కుటుంబాలలో షేర్లు కొనేవారు ఇప్పుడు తక్కువేమీ కాదు. వారి నోట తరచుగా ఒక మాట వినిపిస్తుంది: “ఫలానా చిన్న మందుల కంపెనీలో యజమానే షేర్లు కొంటున్నాడట. లోగుట్టు తెలియనిదే కొంటాడా?” ఈ మాటలో సగం నిజమున్నది. మిగిలిన సగం తెలియకపోతే కష్టార్జితం కరిగిపోయే ప్రమాదమున్నది.

ప్రమోటర్లు, డైరెక్టర్లు, ఉన్నతోద్యోగులు తమ కంపెనీ షేర్లు కొనడం నేరం కాదు. ధరను ప్రభావితం చేయగల రహస్య సమాచారాన్ని చేతిలో ఉంచుకొని కొనడం నేరం. సెబీ 2015 నిబంధనల ప్రకారం, త్రైమాసికం ముగిసిన నాటి నుండి ఫలితాలు వెలువడిన 48 గంటల వరకు వారు క్రయవిక్రయాలు జరపరాదు. కొన్న షేర్లను ఆరు నెలలలోపు అమ్మరాదు. ఒక త్రైమాసికంలో లావాదేవీల విలువ 10 లక్షల రూపాయలు దాటితే రెండు ట్రేడింగ్ దినాలలో కంపెనీకి తెలియజేయాలి. కంపెనీ మరి రెండు దినాలలో స్టాక్ ఎక్స్ఛేంజికి తెలపాలి. ఈ వివరాలను బి.ఎస్.ఇ., ఎన్.ఎస్.ఇ. వెబ్‌సైట్లలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చును.

ఔషధ రంగంలో రహస్యానికి విలువ మరింత ఎక్కువ. అమెరికా ఎఫ్.డి.ఎ. తనిఖీ ఫలితమో, ఒక మందుకు లభించిన అనుమతియో, ఒక విదేశీ ఒప్పందమో చిన్న కంపెనీ దశను తారుమారు చేయగలదు. పెద్ద కంపెనీలూ ఇందుకు అతీతం కావు. ఫైజరుతో కుదిరిన ఒప్పందాల వార్త బయటికి రాకముందే 2008-09లో షేర్లు కొన్నారన్న అభియోగంపై, హైదరాబాదుకు చెందిన అరబిందో ఫార్మా ప్రమోటరు తదితరులకు సెబీ 2019 సెప్టెంబరులో మొత్తం 22 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. కొనుగోళ్ళకూ ఉత్తర్వుకూ నడుమ పదేళ్ళు గడిచాయి. ఆ రోజులలో షేర్లు అమ్ముకున్న సామాన్యునికి ఈ తీర్పు వలన ఒరిగేదేమున్నది?

కనుక, యజమాని కొన్నాడని విన్నప్పుడు నాలుగు సంగతులు పరిశీలించాలి.

మొదటిది, ఎట్లా కొన్నాడు? సొంత డబ్బుతో బజారులో కొనడం వేరు. కుటుంబ సభ్యుల మధ్య బదిలీ, వారంట్లను షేర్లుగా మార్చుకోవడం వేరు.

రెండవది, ఎంత కొన్నాడు? కోటి షేర్లున్న వ్యక్తి ఐదు వేలు కొంటే దానిని గొప్ప విశ్వాసంగా భావించనక్కరలేదు. రోజూ కొద్ది షేర్లే చేతులు మారే కంపెనీలో ఆ మాత్రపు కొనుగోలుకే ధర పెరగవచ్చును.

మూడవది, అతని షేర్లు తాకట్టులో ఉన్నవా? ధర పడిపోతే అప్పిచ్చినవారు వాటిని అమ్మివేస్తారు. ఆ భయంతో ధరను నిలబెట్టడానికే కొంటూ ఉండవచ్చును.

నాలుగవది, ఎందుకు కొన్నాడు? 25 శాతం పైబడి వాటా ఉన్న ప్రమోటరు, 75 శాతం పరిమితికి లోబడి, ఏటా 5 శాతం వరకు ఓపెన్ ఆఫర్ లేకుండానే పెంచుకోవచ్చును. పెత్తనం కాపాడుకోవడమే అతని ఉద్దేశం కావచ్చును.

అన్నిటికీ మించి, యజమానికి ఏళ్ళ తరబడి వేచి ఉండే స్థోమత ఉన్నది. షేరు పడినా అతని జీతం ఆగదు. పిల్లల ఫీజుకో, ఇంటిలో పెళ్ళికో దాచిన సొమ్ము అంతకాలం ఆగలేదు. అటువంటి సొమ్మును ఇటువంటి వార్తలు నమ్మి షేర్లలో పెట్టకుండుటే క్షేమం.